వంతెన దాటిన పాట

మైకమ్మకు మాట పడిపోయిన పూట బస్సులో అరవై మందికి తక్కువ లేరు. ఆసుపత్రి గేటు దాటి రెండు నిమిషాలు కాలేదు. కోర్టు స్టాపు వస్తోంది. "కోర్టు, కోర్టు! దిగేవాళ్ళు ముందుకు రండి!" అని అరవడానికి ఆమె నోరు తెరిచింది. "బు... బుక్కు..." అని మాత్రం వచ్చింది.

ముందు సీట్లో కూర్చున్న కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవిడ సరదా మనిషి, ఇదీ సరదాకే అనుకున్నారు. ఆమె గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి ఆ బుక్కు కూడా రాలేదు. కుడిచేతిలోని టికెట్ల మెషీను జారి ఎవరి కాలి మీదో పడింది.

డ్రైవరు స్టాపులో బండి ఆపాడు. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఆయన "రైట్" కోసం చూస్తున్నాడు. పదహారేళ్ళుగా ఆయన బండికి ఆమే కండక్టరు. ఆమె గొంతు వినపడితే గాని ఆయన కాలు క్లచ్ మీద నుంచి లేవదు. ఎంతకీ పిలుపు రాకపోయేసరికి అద్దంలోకి చూశాడు. ఆమె కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. మూతి ఒక పక్కకు జారిపోయింది.

ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. "ఎవరూ దిగొద్దు, గట్టిగా పట్టుకోండి" అని ఒక్క కేక వేసి, అంత పెద్ద బండినీ అక్కడికక్కడే వెనక్కి తిప్పాడు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఆసుపత్రి గేట్లోకి దూరి, అంబులెన్సులు ఆగే చోట ఆపాడు. కూరగాయల బుట్టతో ఎక్కిన ఒక పెద్దావిడ "ఇదేంటి, నా స్టాపు ఇది కాదే" అని మొదలుపెట్టి, మైకమ్మ మొహం చూసి ఆ మాట మధ్యలోనే మింగేసింది. తన కొంగుతో ఆమె నోరు తుడిచి, స్ట్రెచర్ వచ్చేదాకా తల ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

అంత తొందరగా తెచ్చారు కాబట్టే ప్రాణం దక్కిందన్నారు డాక్టర్లు. తలలో ఎడమ పక్క ఒక రక్తనాళం మూసుకుపోయిందట. కుడి కాలూ చెయ్యీ కొన్నాళ్ళకు దారికొస్తాయన్నారు. మాట సంగతి ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఆమెకు అసలు పేరు ఒకటుందని డిపోలో డ్యూటీ చార్టుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు బస్టాండులో మైకు పాడైపోతే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏ బండి ఎక్కడ నిలబడిందో ఈవిడ చేతే అరిపించారు. చివరి ప్లాట్‌ఫారం మీద కునుకు తీస్తున్నవాడు కూడా లేచి తన బండి ఎక్కాడు. ఆ రోజు నుంచి ఆవిడ మైకమ్మ. వయసు యాభై ఏడు. సర్వీసు ముప్ఫై అయిదేళ్ళు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళ పైనే ఉంది. అలాంటి మనిషి నోరు మూగబోయి, ఇంటి ముందు గదిలో, మొగుడి కుట్టు మిషను పక్కన కుర్చీలో కూలబడింది.

ఆమె మొగుడు టైలరు. ముందు గదే ఆయన దుకాణం. కిటికీ కింద మిషను, గోడకు హ్యాంగర్లు, బల్ల మీద స్కూలు యూనిఫారాల గుట్ట, ఎక్కడ చూసినా సుద్దపొడి. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో ఇద్దరి వంతు మాటలూ ఇన్నేళ్ళుగా ఆవిడే మాట్లాడేది. ఇప్పుడు ఇద్దరి వంతూ తన నెత్తిన పడేసరికి ఆయనకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆమె నీళ్ళు కావాలనుకుని నోరు తెరిస్తే "కుర్చీ" అని వచ్చేది. ఆయన పాపం ఇంకో కుర్చీ తెచ్చి వేసేవాడు. కాదని తల ఊపితే బల్ల జరిపేవాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాక అప్పుడు నీళ్ళు తెచ్చేవాడు.

లోపల మాటలన్నీ ఉన్నాయి. అదే ఆమె బాధ. మాటలు పోలేదు, కిక్కిరిసి నిలబడి ఉన్నాయి. తలుపు బిగుసుకుపోయిన బస్సులో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎవరు దిగాలో వాళ్ళు దిగలేకపోతున్నారు, తలుపు సందులోంచి ఎవరో సంబంధం లేనివాడు జారిపడుతున్నాడు. ఆమెకు తన మీద తనకు ఒళ్ళు మండిపోయేది.

ఆరు వారాలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం బయట ముసురు పట్టింది. బేరాలు లేవు. టైలరు ఒక పిల్లాడి నిక్కరుకు అంచు మడిచి కుడుతూ, పరధ్యానంగా ఒక పాట కూనిరాగం తీశాడు. ఏ పాట తీశాడో ఆయనకే తెలియదు. తెలిసి ఉంటే తీసేవాడు కాదు. ఆ పాట ఆ ఇంట్లో వినిపించి ఇరవై రెండేళ్ళు దాటింది.

వస్తావా వంతెన దాటి, వాన వెలిసేలోగా...

అక్కడికి వచ్చి దారం తెగింది. ఆయన పాట ఆపి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. పక్క కుర్చీలోంచి వినిపించింది:

తీసే ఉంచా తలుపు నీకై, దీపం కొండెక్కేలోగా...

గొంతు బొంగురుగా ఉంది. అయినా మాటకు మాట, అక్షరానికి అక్షరం, ఎక్కడా తడబడకుండా వచ్చింది. టైలరు సూది వేలికి గుచ్చుకున్నాడు. నెత్తురు వస్తున్న వేలు నోట్లో పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆయనకంటే ఎక్కువగా బెదిరిపోయింది. తన గొంతులోంచి ఇంకెవరో పాడినట్టు చుట్టూ చూసుకుంది.

"ఏదీ, మళ్ళీ అను" అన్నాడాయన.

"కుర్చీ" అంది ఆమె.

ఆ పాట ఎప్పటిదో. ఆమెకు పద్దెనిమిదేళ్ళప్పుడు పక్కింటి రేడియోలో వచ్చేది. అది వస్తుంటే ఆమె చేతిలో ఏ పనున్నా వదిలేసి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడేది. ఎవరో ఒకరు వంతెన దాటి తన కోసం వస్తారనుకోవడమే ఆ వయసుకు పెద్ద సంబరం. ఎవరు, ఎందుకు, వచ్చాక ఏం మాట్లాడాలి అనే గొడవ లేదు. పల్లవి వందసార్లు పాడేది. చరణం మాత్రం ఆమెకు నచ్చేది కాదు.

ఆలస్యమైతే అడగనులే, ఎక్కడున్నావని
అలసిన కాళ్ళకు చెబుతాలే, ఇల్లిదిగో ఇదేనని

ఆలస్యంగా వచ్చినవాణ్ణి నిలబెట్టి నాలుగు దులిపెయ్యాలి గాని, అడగను అనడమేంటి? పాటలోని ఆ పిల్లకు బొత్తిగా పౌరుషం లేదనుకునేది.

ఆమెకు ఇరవై రెండో ఏట ఉద్యోగం వచ్చింది. కొత్తగా చేరిన ఆడ కండక్టర్లకు యూనిఫారాలు కుట్టడానికి డిపోకు ఒక టైలరు కుర్రాణ్ణి పిలిపించారు. వరసలో తన వంతు వచ్చేదాకా ఆమె ఊరికే ఉండలేక ఆ పాట పాడుతోంది. కుర్రాడు టేపు పట్టుకుని, వింటూ, భుజం కొలత చెయ్యి దగ్గర, చెయ్యి కొలత నడుం దగ్గర రాసుకున్నాడు. చొక్కా తొడుక్కుంటే అందులో ఇంకో కండక్టరు కూడా పట్టేంత ఉంది. సరిచెయ్యడానికి మూడుసార్లు తిరిగాడు. మూడోసారికి చొక్కా సరిపోయింది, పెళ్ళి మాట కుదిరింది. నా పాటకు వచ్చినవాడు వంతెన మీద నుంచి రాలేదు, టేపు పట్టుకుని డిపో గేట్లోంచి వచ్చాడని ఆమె అందరికీ చెప్పి నవ్వేది.

తర్వాత కూతురు పుట్టింది. ఆ పాటే జోలపాట అయింది. పిల్లకు తొమ్మిదేళ్ళప్పుడు మైకమ్మకు చాన్నాళ్ళు సాయంత్రం డ్యూటీలు పడ్డాయి. ఒకనాడు వానకు దారిలో బండి ఆగిపోయి, చెప్పిన వేళకంటే బాగా ఆలస్యంగా, తడిసి ముద్దై వీధి మలుపు తిరిగింది. కిటికీ దగ్గర పిల్ల నిలబడి ఉంది. ఊచలు పట్టుకుని పాడుతోంది. వస్తావా వంతెన దాటి, వాన వెలిసేలోగా...

ఆ పాట చెంపదెబ్బలా తగిలింది మైకమ్మకు. పొద్దస్తమానం ఊరివాళ్ళను ఇళ్ళకు చేర్చే నేను నా ఇంటికి చేరలేకపోతున్నానని కన్నపిల్ల పాటకట్టి అడుగుతోందనిపించింది. లోపలికి వచ్చి చెప్పులు విసిరేసి, "ఈ పాట ఇంకోసారి ఈ ఇంట్లో వినపడిందంటే చూడు" అంది. పిల్ల బిక్కచచ్చిపోయింది. అంతే. మళ్ళీ వినపడలేదు.

అలా మూలన పడేసిన పాటే ఇప్పుడు అడక్కుండా నోట్లోంచి ఊడిపడింది.

ఆసుపత్రిలో మాట తెప్పించే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. టైలరు చెప్పింది విని ఆవిడ కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"అమ్మా, మాటలకు పనికొచ్చే భాగం తలలో ఎడమ పక్క ఉంటుంది. మీకు దెబ్బ తగిలింది అక్కడే. పాటకు కుడి పక్క కూడా సాయం వస్తుంది, అదేమో బాగానే ఉంది. పెద్ద దారి మూసుకుపోతే మీ డ్రైవరు ఏం చేస్తాడు?"

మైకమ్మ చేత్తో పక్కకు తిప్పి చూపించింది.

"సందులోంచి తిప్పుతాడు కదా. మనమూ అదే చేద్దాం. కాకపోతే ఒకటి. పాట వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్టు కాదు. పాట అలవాటు కొద్దీ వస్తుంది. అందులో మీ సొంత మాట ఒక్కటి ఎక్కించాలి. కష్టం అక్కడుంది."

కష్టమంటే మామూలు కష్టం కాదు. డాక్టరమ్మ ఆమె ఎడమ చేతిని బల్ల మీద ఉంచి, ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు తట్టేది. ఆ వరసలోనే నెమ్మదిగా రాగం తియ్యాలి. మొదటి నెలంతా పాటలోని మాటలే వచ్చేవి. రెండో నెలలో ఒకరోజు ఇంట్లో, దాహం వేసి, మైకమ్మ ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద తట్టుకుంటూ, కళ్ళు గట్టిగా మూసుకుని పాడింది:

"ఇస్తారా... మంచి... నీళ్ళు..."

టైలరు ఒక గ్లాసు తెచ్చి, మళ్ళీ వెళ్ళి చెంబు తెచ్చి, అప్పటికీ తృప్తి లేక బిందె కూడా తెచ్చి ముందు పెట్టాడు. ఆమె పగలబడి నవ్వింది. నవ్వుకు ఏ పక్షవాతమూ లేదు.

అక్కడి నుంచి రోజుకొక మాట చొప్పున వచ్చిందనుకుంటే పొరపాటు. నిన్న వచ్చింది ఇవాళ వచ్చేది కాదు. ఒకరోజు మొగుడి మీద కోపం వచ్చి తిట్టాలనుకుంది. ఆ రాగంలో తిడితే అది జోకొట్టినట్టు వినిపించింది. "ఇదే బాగుందే, ఇకమీదట ఇలాగే తిట్టు" అన్నాడాయన. ఇంకోరోజు ఎంత తట్టినా ఒక్క మాట రాక, రాసుకునే పలక గోడకేసి కొట్టింది. అది రెండు ముక్కలైంది.

కూతురు కాలేజీలో లెక్కలు చెబుతుంది. ప్రతి శనివారం వచ్చి సాయంత్రం దాకా ఉండేది. తల్లి జుట్టు దువ్వేది, కుడిచేతికి వ్యాయామం చేయించేది. కానీ తల్లి పాట మొదలుపెడితే మాత్రం ఏదో పని కల్పించుకుని లోపలికి వెళ్ళిపోయేది. మైకమ్మ అది కనిపెట్టింది. పలక పగిలిన వారం, పిల్ల అలాగే లేవబోతుంటే కొంగు పట్టుకుని ఆపింది. చేత్తో తట్టుకుంటూ, ఒక్కో ముక్కా లాగింది.

"నీకు... కోపమా... ఆ పాటంటే?"

కూతురు నిర్ఘాంతపోయింది. "నాకెందుకమ్మా కోపం? కోపం నీకు కదా. నేను వింటుంటే నువ్వు పాడలేవేమోనని లేచి వెళ్తున్నా."

మైకమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ రోజు... కిటికీ..." అక్కడ ఆగిపోయింది. మిగతాది ఎంతకీ రాలేదు. కూతురే అందుకుంది.

"ఆ రోజు నేను నిన్ను దెప్పడానికి పాడాననుకున్నావా? ఇన్నేళ్ళూ అదే అనుకున్నావా?" ఆ పిల్ల కింద కూర్చుని తల్లి మోకాళ్ళు పట్టుకుంది. "నాకు భయమేసేదమ్మా. నువ్వు రావడం ఆలస్యమైతే ఆ పాట పాడేదాన్ని. అది పాడితే నువ్వొస్తావని నా నమ్మకం. ఒక్కోసారి రెండుసార్లు పాడాల్సొచ్చేది, ఒక్కోసారి పది. కానీ ప్రతిసారీ వచ్చావు. ఒక్కసారి కూడా ఆ పాట తప్పలేదు. నువ్వు పాడొద్దన్నాక నాకు కోపం రాలేదు, ఇక నిన్ను ఎలా రప్పించాలా అని దిగులేసింది. అప్పట్నుంచి మనసులో పాడుకునేదాన్ని."

టైలరు మిషను ఆపేశాడు. మైకమ్మ చాలాసేపు కూతురి తల నిమురుతూ కూర్చుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఆ పాట మొదటి నుంచి చివరిదాకా పాడారు. చరణం దగ్గరికి వచ్చేసరికి మైకమ్మ మొదటి పాదం రెండుసార్లు పాడింది. ఆలస్యమైతే అడగనులే, ఎక్కడున్నావని. పౌరుషం లేని మాట అని పద్దెనిమిదేళ్ళప్పుడు తీసిపారేసింది ఈ మాటనే. తొమ్మిదేళ్ళ పిల్ల కిటికీ దగ్గర నిలబడి తనకు చెప్పింది కూడా ఇదే. తాను పల్లవి విని తలుపు వేసేసింది. చరణం దాకా ఆగి ఉంటే ఇరవై రెండేళ్ళు ఆ పాట వింటూ బతికేది.

ఆ వారం నుంచి ఆమె పద్ధతి మారింది. అంతకుముందు మాట రాకపోతే దాన్ని తరుముకుంటూ వెళ్ళేది, దొరక్కపోతే తిట్టుకునేది. ఇప్పుడు ఆగుతోంది. నోరు సగం తెరిచి, చెయ్యి తట్టుతూ, వచ్చేవాళ్ళు రానీ అన్నట్టు నిదానంగా కూర్చుంటోంది. ఆలస్యంగా వచ్చిన మాటను ఎక్కడున్నావని అడగడం లేదు. అది తెలిసినట్టే మాటలు ఒక్కొక్కటీ వచ్చి చేరడం మొదలుపెట్టాయి. "ఏం చేశారమ్మా ఈ నెలలో?" అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "చరణం... నేర్చుకున్నా" అంది మైకమ్మ.

ఎనిమిదో నెలకు కుడి కాలూ చెయ్యీ చాలావరకు దారికొచ్చాయి. అప్పుడే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలని, ఉద్యోగానికి పనికిరాదని తేలితే అక్కడితో సర్వీసు ముగుస్తుందని దాని సారాంశం.

టైలరు కాగితం రెండుసార్లు చదివి మడత పెట్టాడు. "పోనీలేవే. ముప్ఫై అయిదేళ్ళు నిలబడ్డావు, ఇక కూర్చో. నేను కుడుతుంటాను, నువ్వు గుండీలు కుడుదువుగాని."

"గుండీలు మీరే కుట్టుకోండి" అంది మైకమ్మ.

అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తట్టు లేదు. రాగం లేదు. మామూలు మాట, మామూలు మొగుడి మీద.

బోర్డులో ముగ్గురున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న పెద్ద డాక్టరు, ఇంకో డాక్టరమ్మ, ఆఫీసు నుంచి ఒక అధికారి. మైకమ్మ యూనిఫారం ఇస్త్రీ చేయించి వేసుకుంది. పక్కన టైలరు. బయట వరండాలో బెంచీ మీద డ్రైవరు కూర్చున్నాడు. రావొద్దని చెప్పినా సెలవు పెట్టి వచ్చాడు.

అధికారి టైలరు వైపు తిరిగాడు. "ఆవిడకు మనం చెప్పేది అర్థమవుతుందా?"

"ఆవిణ్ణే అడగండి సార్" అన్నాడు టైలరు. జన్మలో అంత గట్టిగా మాట్లాడి ఎరగడాయన.

పెద్ద డాక్టరు మర్యాదగానే అడిగాడు. "చెప్పండమ్మా, ఎలా ఉన్నారు?"

ఇంటి దగ్గర వందసార్లు చెప్పుకున్న జవాబే. బాగున్నాను సార్, డ్యూటీకి వస్తాను. అది కాస్తా గొంతులో అడ్డం తిరిగింది. మూడు జతల కళ్ళు, గోడ గడియారం చప్పుడు. నోరు తెరిస్తే "బు..." అని వచ్చింది. డాక్టరమ్మ జాలిగా తల వంచుకుంది. అధికారి కాగితం పెద్ద డాక్టరు ముందుకు జరిపాడు. ఆయన పెన్ను మూత తీశాడు.

మైకమ్మ ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది. తట్టింది. ఒకటి, రెండు, మూడు. అధికారి ఉలిక్కిపడి చూశాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ రాగం తీసింది. వస్తావా వంతెన దాటి అన్న వరసలోనే.

"పాత మార్కెట్టు, గడియారం... పార్కు, చేపల బజారు... ఆసుపత్రి గేటు, కోర్టు... ఆడపిల్లల స్కూలు..."

పెద్ద డాక్టరు పెన్ను గాల్లో ఆగింది. ఆమె బండి మార్గంలో ఇరవై మూడు స్టాపులు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ నోట్లో నలిగినవే. ఒక్కో స్టాపూ ఒక్కో తట్టుకు లేచి వస్తోంది. పన్నెండో స్టాపు దగ్గరికి వచ్చేసరికి రాగం దానంతటదే జారిపోయింది. ఆమె చెయ్యి బల్ల మీద నుంచి లేచింది. కుర్చీలోంచి తనూ లేచింది. వెన్ను నిటారుగా నిలబడింది. గొంతు పాత గొంతయింది.

"మిల్లు గేటు! వంతెన ఈ పక్క, వంతెన ఆ పక్క! వాటర్ ట్యాంకు! కొత్త కాలనీ మొదటి వీధి, కొత్త కాలనీ రెండో వీధి! పోస్టాఫీసు..."

వరండాలో నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. టీ తెస్తున్న మనిషి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె ఆఖరుగా "రైల్వే స్టేషను! దిగండి, దిగండి, సామాన్లు చూసుకోండి!" అని కేక వేసేసరికి, బయట బెంచీ మీద నుంచి డ్రైవరు ఆపుకోలేక, "రైట్, రైట్!" అని అరిచాడు.

గదిలో ముగ్గురూ నవ్వేశారు. పెద్ద డాక్టరు నవ్వుతూనే పెన్ను కింద పెట్టాడు. అయినా ఆయన పని ఆయన చెయ్యాలి కదా.

"బాగుందమ్మా. కానీ ఇదంతా మీకు కంఠతా వచ్చిందే. బస్సులో రోజూ కొత్త మాట అవసరమవుతుంది. ఒక ముసలాయన తప్పు బస్సు ఎక్కాడనుకోండి. ఏం చేస్తారు?"

మైకమ్మ నోరు సగం తెరిచింది. అధికారి ఏదో అనబోతే పెద్ద డాక్టరు చెయ్యి ఎత్తి ఆపాడు. ఆమె ఆగింది. తొందరపడలేదు. మాటలు ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగి వచ్చాయి.

"ముందు... కూర్చోబెడతా. నడిరోడ్డు మీద దింపను. తర్వాతి స్టాపులో... ఏ బండి ఎక్కాలో... చూపిస్తా. డ్రైవరన్నని... ఒక్క నిమిషం ఆపమంటా."

"టైము పోదా?" అన్నాడు అధికారి.

"పోతుంది సార్. టైము... రేపు కూడా వస్తుంది. ఆయన... ఇంటికి ఇవాళే చేరాలి."

పెద్ద డాక్టరు కళ్ళజోడు నుదుటి మీద నుంచి కిందికి దించుకుని ఆమెను ఒకసారి బాగా చూశాడు. తర్వాత కాగితం మీద రాసింది పైకి చదివి వినిపించాడు. పాత మార్గంలోనే, పాత డ్రైవరుతోనే, ఒక నెల పరిశీలన మీద డ్యూటీ. ఆపైన మామూలుగా రిటైర్మెంటు దాకా.

బయటకు రాగానే డ్రైవరు ఎదురొచ్చి, "ఏమైంది చెల్లెమ్మా?" అన్నాడు. ఆమెకు నిజంగానే మాట రాలేదు. ఈసారి జబ్బుది కాదు తప్పు. ఆయన చొక్కా పట్టుకుని ఊపేసింది. ఆయనకు అర్థమైపోయింది. ఆ పెద్ద మనిషి వరండాలో అంతమంది ముందు రెండు చేతులూ పైకెత్తి గెంతాడు.

మొదటి రోజు బండి డిపో గేటు దాటుతుంటే లోపలున్న బస్సులన్నీ హారన్లు మోగించాయి. ఒకప్పుడు ఒక్క గుక్కలో చెప్పేది ఇప్పుడు ఆమె రెండు గుక్కల్లో చెబుతోంది. అయితేనేం, వినేవాళ్ళు ఆగుతున్నారు. రోజూ వచ్చేవాళ్ళు మొదటి రెండు రోజులూ ఆమె తడబడినచోట స్టాపు పేరు తామే అందించారు. మూడో రోజు ఆమె, "నా ఉద్యోగం... మీరు చేస్తే... నేనేం చెయ్యను? నోరు మూసుకుని... టికెట్టు పట్టుకోండి" అంది. బస్సంతా చప్పట్లు కొట్టింది.

ఆ రోజే, వాన కురుస్తుండగా, బండి వంతెన మీదికెక్కినప్పుడు ఆమెకు ఒక సంగతి తోచింది. రోజుకు ఎనిమిదిసార్లు, ముప్ఫై అయిదేళ్ళు, ఈ వంతెన దాటింది తను. పాట పాడినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసే మనిషి తనే అనుకుంది. ఒక్కనాడూ తోచలేదు, వంతెన దాటి వచ్చే మనిషి కూడా తనేనని. ఆ పాట ఎవరి కోసమో ఎదురుచూడలేదు. ఇదుగో, ఈ తడి చొక్కాతో, కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఈ మనిషి కోసమే దీపం పెట్టి కూర్చుంది. ఆమె గట్టిగా నవ్వింది. పక్కనున్న వాళ్ళు ఎందుకో తెలియకపోయినా తామూ నవ్వారు.

ఆమెకు గురువారం సెలవు. పరిశీలన నెల గడిచి డ్యూటీ ఖాయమయ్యాక, ఒక గురువారం, మాట తెప్పించే డాక్టరమ్మ కబురు పెట్టింది. "ఒక లాయరుగారు వచ్చారమ్మా. మీలాగే. రెండు నెలలైంది, నోరు తెరవరు. పాట పాడమంటే మొహం తిప్పుకుంటున్నారు. మీరొకసారి మాట్లాడి చూస్తారా?"

లాయరుగారు మంచి పొడగరి. మీసం దువ్వుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మైకమ్మ తన పాట పాడి వినిపించింది. ఆయన కన్నెత్తి చూడలేదు. "ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఒక్క పాట పాడగా నేను వినలేదండి" అంది ఆయన భార్య, కళ్ళు ఒత్తుకుంటూ.

మైకమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. తర్వాత కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని, ఆయన ఎడమ చెయ్యి తీసి బల్ల మీద పెట్టి, చిన్నప్పుడు బడిలో పిల్లలంతా ఊగుతూ పాడే వరసలో మొదలుపెట్టింది.

"రెండొకట్ల రెండు... రెండు రెళ్ళు నాలుగు... రెండు మూళ్ళు ఆరు..."

లాయరుగారి మీసం కదిలింది. పట్టించుకోనట్టు ఆమె సాగిపోయింది. మూడో ఎక్కం, నాలుగో ఎక్కం. అయిదో ఎక్కంలో ఆయన పెదవులు ఆడుతున్నాయి. ఏడో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి చిన్నగా మూలుగులాంటి రాగం వినిపించింది. ఆయన భార్య కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఏడేడులు నలభై తొమ్మిది" అంది మైకమ్మ. "ఏడెనిమిదులు... యాభై నాలుగు."

ఆయన తల గిరుక్కున తిరిగింది. మొహం ఎర్రబడింది. తప్పుడు సాక్ష్యం విన్నట్టు ఆయన బల్ల మీద ఒక్కటి చరిచాడు.

"యాభై... ఆరు!"

"యాభై నాలుగే" అంది మైకమ్మ, బస్సులో మొండివాళ్ళతో వాదించే గొంతుతో.

"ఆరు! యాభై ఆరు! యాభై ఆరు!"

"అయితే ఏడు తొమ్మిదులు ఎంతో... మీరే చెప్పండి" అని ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. లాయరుగారు గొంతు సవరించుకున్నాడు.